ఇనుప పట్టా లెక్క

వ్యాసార్ధాన్ని రెండు పైలతో గుణిస్తే చుట్టుకొలత. బడిలో వల్లెవేసిన ఈ సూత్రం నాకైతే ఎడ్లబండి చక్రం దగ్గరే ప్రాణం పోసుకున్నట్టుంటుంది. నడిమధ్య నుంచి అంచుకు 75 సెంటీమీటర్లుంటే చుట్టూ దాదాపు 471. కమ్మరి ఇనుప పట్టాను కావాలనే కాస్త పొట్టిగా చేస్తాడు. ఇంకో 500 డిగ్రీలు వేడెక్కితే ఇనుము సుమారు 0.6 శాతం సాగుతుంది. అంటే చుట్టూ మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. వ్యాసార్ధంలో చూస్తే అర సెంటీమీటరైనా ఉండదు! ఆ కాస్త సందుతోనే కాలిన పట్టా చక్రం మీదికి దిగాలి. నీళ్లు పోయగానే ముడుచుకుని, ఆకుల్నీ అంచునీ కలిపి బిగించేస్తుంది. పైకి బదులు 22/7 వేసుకుంటే ఇక్కడ వచ్చే తేడా 2 మిల్లీమీటర్లు. సుత్తి దెబ్బల్లో అదెక్కడ లెక్కకొస్తుంది?