షఫఖ్ వెలుగులో చార్మినార్

చార్మినార్‌ను పట్టపగలు చూసి వచ్చినవారు దానిని సగమే చూసినట్లు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడానికి పైపూత సున్నపు గచ్చు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు దానిమీది సుకుమారమైన నగిషీలన్నీ వెలవెలబోతాయి. అదే గచ్చు ఏటవాలు వెలుగు సోకగానే తేనెరంగు దాలుస్తుంది. ఛాయాచిత్రకారుడు కాచుకొని ఉండవలసింది ఆ వెలుగు కోసమే.

కట్టడపు నాలుగు కమానులు నాలుగు దిక్కులకు తెరచుకొని ఉండటం వల్ల వెలుగును వెదకడం సులువు. పడమట లాడ్ బజారు, తూర్పున సర్దార్ మహల్ దారి, ఉత్తరాన గుల్జార్ హౌజ్. సాయంత్రం తూర్పు దారిలో నిలిస్తే మీనార్ల వెనుక పశ్చిమాకాశం ఎరుపెక్కుతుంది. ఉదయం లాడ్ బజారు వైపు నిలిస్తే కమానులోంచి అరుణోదయం కనిపిస్తుంది.

సూర్యుడు అస్తమించే వేళకు అక్కడ కెమెరాలు పైకి లేస్తాయి. అదే క్షణంలో మగ్రిబ్ అజాన్ వినిపిస్తుంది. వెలుగు జారిపోతుందేమోనని నమాజును వాయిదా వేసుకునేవారిని చూస్తుంటాం. నిజానికి ఆ తొందర అనవసరం. అస్తమయం అయిన వెంటనే ఆకాశం ఇంకా మరీ ప్రకాశవంతంగా ఉంటుంది. దానికి తగినట్లు కెమెరాను అమరిస్తే కట్టడం నల్లని నీడగా మిగులుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు గడిచాక నింగి నీలిమ, వీధిదీపాల పసిమి ఒకే తూకానికి వస్తాయి. అప్పుడు గచ్చు మీది ప్రతి పువ్వూ, ప్రతి గీతా విడివిడిగా అగుపిస్తాయి. జమాఅత్‌తో నమాజు ముగించి మక్కా మసీదు మెట్లు దిగేసరికి ఆ వెలుగు ఎదురుచూస్తూనే ఉంటుంది. మన ప్రాంతంలో అది ఎక్కువసేపు నిలవదు గనుక ముందే చోటు చూసి ఉంచుకోవాలి. షట్టర్ కొన్ని సెకన్లు తెరచి ఉంచాలి కాబట్టి ట్రైపాడ్ తప్పదు. రంగుల సమతుల్యాన్ని కెమెరాకు వదిలేస్తే ఆ నీలిమను అది ‘సరిదిద్ది’ పాడుచేస్తుంది. పగటి వెలుగుకు స్థిరపరచడం మేలు.

ఈ వెలుగుల తేడాను మన ఫుఖహాలు ఎంత నిశితంగా గమనించారో తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. దివ్యఖుర్ఆన్ ఇన్షిఖాఖ్ సూరాలో అల్లాహ్ షఫఖ్‌పై ప్రమాణం చేశాడు. మగ్రిబ్ వేళ ఆ షఫఖ్ అంతరించడంతో ముగుస్తుంది. మరి షఫఖ్ అంటే ఏది? సూర్యుడు అస్తమించాక మిగిలే ఎరుపు అని ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫియీ అన్నారు. ఎరుపు తర్వాత కాసేపు నిలిచే తెలుపు అని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఆయన శిష్యులిద్దరూ ఈ విషయంలో ఎరుపు వైపే మొగ్గారు. ఒక రంగు అంతమై మరొకటి మొదలయ్యే చోటును గుర్తించడంలోని కష్టం కెమెరా పట్టినవారికి బాగా తెలుసు. అయితే నేటి నగరంలో విద్యుద్దీపాల కాంతి ఆ తెలుపును మింగేస్తోంది. సుబహ్ కాజిబ్‌దీ అదే గతి. నింగిపై నిలువుగా సాగే ఆ మాయవేకువ చార్మినార్ వద్ద కంటికి ఆనదు. దాని కోసం ఊరు దాటి చాలా దూరం పోవాలి.

వేకువలో ఈ క్రమమంతా తిరగబడుతుంది: నీలిమ ముందు, బంగారు ఛాయ తరువాత. జనసమ్మర్దం ఉండదు. చీపుళ్ల చప్పుడు, ఇరానీ హోటళ్లలో కాగుతున్న పాల వాసన, మక్కా మసీదు ఆవరణలో పావురాలు. మూసిన దుకాణాల అరుగుల మీద కూలీలు నిద్రిస్తుంటారు. నీలివెలుగులో ముడుచుకొని పడుకున్న మనిషి దృశ్యం ‘గొప్ప చిత్రం’ అవుతుందని కొందరి నమ్మకం. ఆ మనిషి అనుమతి అడిగినవారెవరు? నిద్రలో ఉన్నవాడు వద్దని చెప్పలేడు. సజ్దాలో ఉన్నవాడూ అంతే. నమాజు చేస్తున్న వ్యక్తి ముందునుంచి నడవరాదని పిల్లలకు సైతం నేర్పుతాం. కెమెరాతో ఎదురుగా వెళ్లి మోకరిల్లడం అంతకన్నా ఎలా తక్కువ అవుతుంది? దూరాన, వెనుక వరుసలకు అవతల నిలిచి తీసిన చిత్రంలో ముఖాలు ఉండకపోవచ్చు, ఆవరణపై పరుచుకున్న పొడవైన నీడలు ఉంటాయి. నా దృష్టిలో అదే మెరుగైన చిత్రం.

పొద్దు మరికొంత పైకెక్కేసరికి గచ్చు మళ్లీ వెలిసిపోతుంది. లాడ్ బజారులో గాజుల దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటిగా లేస్తాయి, ఆటోలు వరుస కడతాయి. ఇక కెమెరాను సంచిలో పెట్టి చాయ్ తాగవచ్చు.