ఆఱువేల దినములు

మరణమునకు వెల కట్టుట మనము విన్నదే. మరణమునకు దినములు కట్టుటయు కలదని చాలమంది యెఱుగరు. పనిచోట కలిగిన గాయముల తీవ్రతను కొలుచుటకు మన దేశమున ఐ.యస్. 3786 అను ప్రమాణమొకటి యున్నది. గాయపడినవారు పనికి రాలేకపోయిన దినములను కూడి, పదిలక్షల పనిగంటలకు ఎన్ని దినములు నష్టమైనవో అది చెప్పును. పనివాడు మరణించినచో 6000 దినములు పోయినట్లు వ్రాసికొందురు. ఏటికి 300 పనిదినముల చొప్పున 20 ఏండ్లు. నూఱేండ్లు వర్ధిల్లుమని దీవించు మనకు ఈ లెక్క కఠినముగా తోచును. నాకు మాత్రము అట్లు తోచలేదు. బడిలో హాజరుపట్టీ లేనినాడు పిల్లవాడు రాలేదని యెవరికి తెలియును?

మా ఎల్బీ నగరులో 2025 ఫిబ్రవరిలో సెల్లారు త్రవ్వుచుండగా మట్టి విఱిగిపడి ముగ్గురు కూలీలు మరణించిరి. ఈ కొలత చొప్పున 18,000 దినములు. లోతైన గోతి యొడ్డును వాలుగా చెక్కవలెను, లేదా పలకలతో ఆనుపు పెట్టవలెను. ఇది క్రొత్త శాస్త్రము కాదు. 2023 జూనులో ఇక్కడనే, కట్టుచున్న ఫ్లైఓవరు ర్యాంపు కూలి పలువురు పనివారు గాయపడిరి. ఇవి పత్రికల కెక్కినవి. ఎక్కనివాని మాట యేమి?

మా వీథిమొగను ఉదయమున లేబరు అడ్డా కూడును. అందు బొటనవ్రేలు లేని నడివయస్కు డొకడు నాకు పరిచితుడు. సెంట్రింగు పలక పడి నలిగినదట. ఎక్కడనైన వ్రాసికొనిరా యని యడిగితిని.

“ఏడ రాస్తరు సారూ? ఆనాటి కూలిచ్చి ఇంటికి పొమ్మన్నరు. మళ్ల రెండు నెలలకు అడ్డ మీదికొచ్చిన.”

మన పరిహారచట్టపు పట్టికలో బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 పాళ్లు పోయినట్లు, చిటికెనవ్రేలికి 7. అతని వ్రేలికి పట్టికలో చోటున్నది, అతనికి ఏ హాజరుపుస్తకమునను చోటు లేదు. అతడు పనిచేసిన గంటలు హారములో చేరలేదు. పోగొట్టుకొన్న దినములు లవములో చేరలేదు. ఆ కట్టడమున గాయములు సున్న.

అది యే మహాకట్టడమో యనుకొనకుడు. మనవంటి చదువుకొన్న గృహస్థుని యిల్లే. శంకుస్థాపనకు ముహూర్త మడుగుదుము, సింహద్వారమునకు వాస్తు వడుగుదుము, సిమెంటు ఏ కంపెనీదని మఱిమఱి యడుగుదుము. పనివారి పేళ్లు వ్రాసిన పుస్తకము చూపుమని మేస్త్రీని అడిగినవారిని నేను చూడలేదు. 1996 నాటి నిర్మాణకార్మికుల చట్టము సయితము పదిమందికి తక్కువ పనివారున్న చోటులను వదలివేసినది.

మొన్న మా ప్రక్కయింట మూడవ అంతస్తు మొదలిడిరి. మేస్త్రీని నేనే యడిగితిని. అతడు నవ్వి సెల్‌ఫోను తీసి చూపెను. అందు తేదీ, ఇచ్చిన సొమ్ము, ‘ఎనిమిది మంది’ అని యున్నవి. పేళ్లు లేవు.