కటికి దారిలో... నాన్న జీపు!

బొర్రా గుహలు చూసి అటునుంచి అటే అరకు వెళ్లిపోయేవాళ్లకు ఆ చుట్టుపక్కలే ఓ జలపాతం ఉందని చాలాసార్లు తెలీదు. గోస్తనీ నది కొండమీంచి దూకేచోటు... కటికి. అక్కడికి మామూలు కార్లు వెళ్లవు. ఎర్రమట్టి, తేలిన రాళ్లు, వాన పడితే దారే వాగు. బొర్రా దగ్గర జీపు మాట్లాడుకుని వెళ్లి, చివర్లో కొంతదూరం నడవాలి. సొంత జీపు ఉన్నవాళ్లకు ఆ బెంగ లేదు. మాకు ఉంది! ఆ ధీమాతోనే పోయిన వర్షాకాలంలో విశాఖ నుంచి అందరం బయల్దేరాం.

జీపు నాన్నది. ఎప్పుడో ఓ ప్రభుత్వ కార్యాలయం వేలంలో కొన్నారు. ముందుభాగం ఎత్తుగా ఉండే పాతకాలం మహీంద్రా. అమెరికా విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన సీజే-3బి ఆకారమే మనదేశంలో దశాబ్దాలపాటు అలా సాగింది. రెవెన్యూ, అటవీ, పోలీసు... ఏ శాఖలో చూసినా అదే బండి. ఏజెన్సీలో పనిచేసిన పాత ఉద్యోగుల్ని అడగండి, ఆ జీపు చప్పుడు వినగానే ఊళ్లో పిల్లలంతా ఎలా పరిగెత్తుకొచ్చేవారో చెబుతారు.

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేదాకా బండి బుద్ధిగానే ఉంది. అనంతగిరి కాఫీ తోటల దగ్గర ఆగి టీ తాగాం. కటికి బాట మొదట్లో నేను దిగి, ముందు చక్రాల మధ్యలో ఉండే చిన్న మూతల్ని 'ఫ్రీ' నుంచి 'లాక్'కు తిప్పాను. లివరు వేశాను. సగం ఎత్తు ఎక్కామో లేదో, వెనక చక్రాలు బురద చిమ్మడం మొదలుపెట్టాయి. ముందు చక్రాల్లో చలనం లేదు. జీపు మెల్లగా వెనక్కి జారుతోంది. బ్రేకు తొక్కినా ఆగట్లేదు. వెనకసీట్లో అమ్మ, మా పాప. ఎడమపక్క లోయ. రెండు బారలు జారాక ఓ బండరాయికి తగులుకుని ఆగింది. అమ్మ అరవలేదు. అరిస్తేనే బాగుండేది.

పైనుంచి దిగుతున్న ఓ జీపు డ్రైవరు ఆపి, మా ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

''లాక్ పెట్టేరా బాబూ?''

''పెట్టాను.''

''మూత తిరుగుతోంది గానీ లోపల పట్టట్లేదు. ఇదుండీ లేనట్టే.''

''ఒక్క పక్కే కదా! రెండోది బాగానే ఉందిగా?'' అన్నాను.

అతను నావైపు చూసి నవ్వి ఊరుకున్నాడు. తాడు కట్టి లాగి, డబ్బులివ్వబోతే తీసుకోకుండా వెళ్లిపోయాడు. జలపాతం చూడకుండానే వెనక్కొచ్చేశాం.

ఆ మూతలో ఏముంది?

రోడ్డు మీద ఈ జీపు వెనక రెండు చక్రాలతోనే నడుస్తుంది. అప్పుడు ముందు చక్రాలు వట్టినే దొర్లుతాయి. కానీ అవి దొర్లుతూ తమతోపాటు లోపలి ఇరుసుల్ని, డిఫరెన్షియల్‌ని, పొడవాటి షాఫ్టునీ పనిలేకుండా తిప్పుతుంటాయి. అరుగుదల, రొద, కాస్త ఇంధనం దండగ. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికాలో సైన్యం వదిలించుకున్న జీపుల్ని జనం కొనుక్కుని రోడ్లమీద తిప్పుతుంటే ఇదే ఇబ్బంది వచ్చింది. 1948లో సియాటెల్‌లో ఆర్థర్ వార్న్ పెట్టిన సంస్థ దీనికి విరుగుడుగా లాకింగ్ హబ్‌లు చేసి పేరు తెచ్చుకుంది. 'ఫ్రీ'లో పెడితే చక్రానికీ ఇరుసుకూ సంబంధం తెగిపోతుంది. 'లాక్'లో పెడితే రెండూ ఒకటవుతాయి.

మరి ఒకటి పాడైతే రెండోది ఎందుకు ఊరుకుంది? డిఫరెన్షియల్‌ది నీటి స్వభావం, పల్లమెటుంటే అటే పోతుంది. పట్టులేని ఇరుసు వట్టినే గిర్రున తిరుగుతుంటే బలమంతా అక్కడే పోయింది. బాగున్న చక్రానికి ఏమీ మిగల్లేదు. ఆ డ్రైవరు నవ్వు అర్థం ఇంటికొచ్చాక తెలిసింది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. చిన్న లివరుతో లో రేంజి వేస్తే చక్రాలకందే బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది. నాలుగు చక్రాలూ పంచుకోవాల్సిన ఆ బరువు, హబ్ పట్టకపోతే వెనక ఇరుసు ఒక్కదాని మీదే పడుతుంది. అది విరిగితే కొండమీద మనకి దిక్కెవరు?

బెజవాడ బాట

విశాఖలో రెండుమూడు చోట్ల అడిగినా పని కాలేదు. పాడైన హబ్‌ని విప్పి, పాత పేపర్లో చుట్టి, సంచిలో వేసుకుని రత్నాచల్ ఎక్కాను. విజయవాడ జవహర్ ఆటోనగర్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఓ పక్క లారీలకు బాడీలు కట్టే చప్పుళ్లు, వెల్డింగు మెరుపులు, ఇంకో పక్క పాత గేరుబాక్సుల గుట్టలు. నేలకూడా ఆయిలు తాగి నల్లబడింది. ఎండ సంగతి సరేసరి!

నాలుగు కొట్లు తిరిగాక, పాత జీపుల సామాను మాత్రమే పెట్టుకున్న ఓ పెద్దాయన దొరికారు. సంచి విప్పకముందే, ''పళ్లెన్ని?'' అన్నారు. బిక్కమొహం వేశాను.

''ఇరుసు చివర గాళ్లు లెక్కపెట్టుకోకుండా హబ్ కొనడానికి వచ్చేస్తే ఎలాగండీ? మీ పాత జీపుకి పది. తర్వాత వచ్చిన సీజేల్లో ఇరవై ఏడువి కూడా ఉన్నాయి. పైకి చూస్తే అన్నీ అన్నదమ్ములే. బోల్టులు చూడండి... మీకు ఆరు. అయిదువీ ఉన్నాయి.''

కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, మూడు రకాలు ముందు పెట్టారు.

ఒకటి వట్టి ఇనపకప్పు. తిప్పే పని లేదు, ఎప్పుడూ లాకే. చవక, విరగడం తక్కువ. రోజూ కొండల్లోనే తిరిగే బండికైతే అదే మేలన్నారు. మేం నెలలో ఇరవై రోజులు బీచ్ రోడ్డులో తిరుగుతాం.

రెండోది ఆటోమేటిక్. నాకు చూడగానే దానిమీద మనసుపడింది. వానలో దిగక్కర్లేదు, లివరు వేస్తే దానంతటదే పట్టుకుంటుంది. పెద్దాయన పెదవి విరిచారు. ''ఎక్కేటప్పుడు సరే. దిగేటప్పుడో? ఇంజిను బండిని ఆపాలి కదా. కొన్ని రకాలు అప్పుడు పట్టు వదిలేస్తాయి. విడిపించడానికి చాలావాటికి కాస్త రివర్సు పోవాలి. లోపల మట్టి దూరితే ఎప్పుడు పట్టిందో ఎప్పుడు వదిలిందో మీకు తెలీదు.'' జారుతున్న జీపులో అమ్మ మొహం గుర్తొచ్చింది. దాన్ని పక్కకు నెట్టేశాను.

మూడోది చేత్తో తిప్పేది. పాతదే, బాగుచేసింది. ఆయనే విప్పి లోపలి పళ్లు చూపించారు. అంచులు గుండ్రంగా అరిగితే వద్దు, మూత రెండు వైపులా 'టక్'మని కూర్చోవాలి, రబ్బరు రింగు కొత్తది వెయ్యాలి. గ్రీజు కూరకూడదట, పల్చగా రాస్తే చాలట. నిండా నింపితే లోపలి ముక్క జరగక నాకు జరిగినట్టే జరుగుతుందట. ఇంట్లో మా మెకానిక్ గ్రీజంటే నెయ్యి అన్నట్టు పట్టించేవాడు! బేరం తెగి జత కొన్నాను. ఒక్కటి చాలదా అంటే ఆయన ఒప్పుకోలేదు.

ఇంటికొచ్చి బిగించాక ఆయన చెప్పిన పరీక్ష చేశాం. రెండు ముందు చక్రాలూ జాకీల మీద లేపి, రెండు హబ్‌లూ లాక్ చేసి, ఇంజిను ఆపి, బండిని గేర్లో ఉంచి, నాలుగు చక్రాల లివరు వేశాం. నేను కుడి చక్రం ముందుకు తిప్పితే, ఎడమ చక్రం వెనక్కి తిరిగింది. తిరగకపోతే రెండింట్లో ఏదో ఒకటి పట్టనట్టు లెక్క. నాన్న నాలుగుసార్లు తిప్పించారు.

పదిహేను రోజుల తర్వాత మళ్లీ కటికి వెళ్లాం. అమ్మ రానంది. పాప వస్తానంది. ముందు రాత్రి వాన పడింది, దారి మరింత పాడైంది. అదే మలుపు, అదే బండరాయి. లో రేంజి వేశాను. ముందు చక్రాలు మట్టిని గోళ్లతో పట్టుకున్నట్టు ఎక్కేశాయి. జలపాతం హోరు మలుపు తిరగకముందే వినిపించింది. పాప తడిసి ముద్దయింది. నాన్న రాయి మీద కూర్చుని వెదురులో కాల్చిన చికెన్ తిన్నారు, డాక్టరు వద్దన్నా సరే.

దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టాల్సిన పనే పెద్దగా రాలేదు. మొదటి గేరులో ఇంజినే బండిని బిగబట్టింది. తారురోడ్డు ఎక్కగానే నాన్న ఆపమన్నారు. కర్ర ఊతంతో దిగి, ఎడమవైపు మూతను తనే 'ఫ్రీ'కి తిప్పారు. 'టక్' మన్నది.

''అటుది నువ్వు తిప్పు. నెలకోసారైనా లాక్ చేసి కొంచెం దూరం నడపమన్నాడుగా ఆయన? క్యాలెండర్లో రాసిపెట్టు.''

పాప అప్పటికే కుడివైపు దిగి మూత పట్టుకుని వేలాడుతోంది. దానికి చెయ్యి చాలట్లేదు.