జరం ఎన్నటి సంది?

డీఎంఎల్‌టీ చదివే రోజుల్లో ఇమ్యునాలజీ మాకు బట్టీ పాఠం. ఏ యాంటీబాడీ మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఏది అయిదు కలిసిన గుత్తిలా ఉంటుంది, కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఏ వరసలో కదులుతాయి... అన్నీ నోటికొచ్చేవి. అవి అర్థమైంది మాత్రం 2019లో, మాదాపూర్ అయ్యప్ప సొసైటీ దగ్గర ఒక ల్యాబులో శిక్షణకు చేరాకే.

ఆ మార్చిలోనే అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో వచ్చింది. వానాకాలం వచ్చేసరికి ఊరంతా డెంగీ. నల్లకుంట ఫీవరాసుపత్రి కిటకిటలాడిపోతోందని రోజూ పేపర్లో వార్తలు. మా దగ్గరికి ఎక్కువగా హాస్టళ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చేవాళ్లు. ఒళ్లు కాలిపోతున్నా భుజానున్న ల్యాప్‌టాప్ బ్యాగు దించేవాళ్లు కాదు.

మా సీనియర్ టెక్నీషియన్ సిద్దిపేట వైపు ఆయన. సూది తీయకముందే అడిగేవారు: "జరం ఎన్నటి సంది బిడ్డా?" జవాబు స్లిప్పు మీద ఎర్ర పెన్నుతో రాసేవారు. ఆ అంకె లేకపోతే డెంగీ రిపోర్టుకు అర్థమే లేదని నాకు అక్కడే తెలిసింది. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో దొరికేది ఎన్ఎస్1 అనే వైరస్ ప్రొటీను. ఐజీఎం యాంటీబాడీ అప్పటికింకా తయారై ఉండదు. రెండోసారి డెంగీ సోకినవాళ్లలో ఐజీజీ త్వరగా పెరుగుతుంది, ఐజీఎం అంతంత మాత్రంగానే కనబడొచ్చు. "రెండో దినం ఐజీఎం నెగెటివ్ అని రాసిస్తే, అది చూసి ఇంట్ల నిమ్మలంగ కూసుంటరు. ప్లేట్‌లెట్లు పడిపోతాయని ఎవరికి ఎరుక?" అనేవారు.

ఎలైజా కూడా ఆయన దగ్గరే చేతికి అలవాటైంది. 96 గుంతల ప్లేటు. సీరం వేసి, 37 డిగ్రీల్లో ఉంచి, కడిగి, మళ్లీ కడిగి. గుంతలో బుడగ ఉన్నా, వాష్ సరిగ్గా పడకపోయినా రీడింగ్ చెడుతుంది. ఆఖరున సబ్‌స్ట్రేట్ పోస్తే పాజిటివ్ గుంతలు నీలంగా మారతాయి, స్టాప్ సొల్యూషన్ పడగానే పసుపు. కంట్రోళ్లు సరిగ్గా వచ్చాయో లేదో చూడకుండా పేషెంట్ల గుంతల వైపు ఆయన కన్నెత్తి చూసేవారు కాదు.

కానీ కంట్రోళ్లన్నీ సరిగ్గా ఉండి కూడా రిపోర్టు తప్పు చెప్పగలదని తెలిసింది ఆ చలికాలంలో. గచ్చిబౌలిలో ఒక కంపెనీ ఉద్యోగులకు హెల్త్ చెకప్ చేశాం. ఒకమ్మాయికి టీఎస్‌హెచ్ బాగా తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ. కాగితం చూస్తే థైరాయిడ్ ఉరకలేస్తున్నట్టే. మనిషికేమో గుండెదడ లేదు, చేతుల వణుకు లేదు, బరువూ తగ్గలేదు. సార్ రిపోర్టు ఆపి ఫోన్ చేశారు. "జుట్టుకు ఏమన్న గోళీలు వాడుతున్నవా అమ్మా?"

వాడుతోంది. బయోటిన్, రోజుకు 10 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములే. మా మెషీన్ కిట్టులో యాంటీబాడీకి బయోటిన్ తగిలించి ఉంటుంది, అయస్కాంతపు రేణువుల మీద దాన్ని పట్టుకునే స్ట్రెప్టావిడిన్ ఉంటుంది. మెట్రోలో అమీర్‌పేటలోనే సీట్లన్నీ నిండిపోతే తర్వాతి స్టేషన్‌లో ఎక్కినవాళ్లకు చోటెక్కడిది? రక్తంలోని బయోటిన్ ముందే వెళ్లి కూర్చుంటుంది. సిగ్నల్ తగ్గుతుంది. టీఎస్‌హెచ్ పరీక్షలో సిగ్నల్ తగ్గితే అంకె తగ్గుతుంది. ఫ్రీ టీ4 పరీక్ష పోటీ పద్ధతి కాబట్టి అక్కడ సిగ్నల్ తగ్గితే అంకె పెరుగుతుంది. రెండూ కలిసి అచ్చం హైపర్‌థైరాయిడ్ బొమ్మ గీస్తాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మా క్లాసులో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి తీరాల్సిన పాఠమది. సార్ అడగకపోయుంటే, లేని జబ్బుకు ఆ అమ్మాయి మందులు మింగాల్సి వచ్చేది.

గోళీలు ఆపించి, కొన్ని రోజులాగి మళ్లీ రక్తం తీశాం. రెండు అంకెలూ నార్మల్.

అప్పటినుంచి క్యాంపుల్లో టూర్నికే కట్టేముందు నేనూ ఆ గోళీల ప్రశ్న వేస్తున్నాను. చాలామంది "మందులేం లేవండీ" అనేస్తారు. జుట్టు గోళీ వాళ్ల లెక్కలో మందు కాదు. అందుకే పేరు పెట్టే అడుగుతాను. ఒకతను బ్యాగులోంచి సీసా తీసి చూపించాడు. లేబుల్ మీద పెద్దక్షరాల్లో 10,000 మైక్రోగ్రాములని ఉంది. థైరాయిడ్ ట్యూబు ఆ రోజు తీయకుండా, రెండు రోజులు ఆ గోళీ మానేసి రమ్మని పంపాను.