చోళ్లు మా ఊళ్లో ఉన్నాయి, ప్లేట్లో లేవు



మొన్న అసైన్‌మెంట్ కోసం మా రూమోళ్లం నలుగురం కూర్చుని ఏ దేశం బడి పిల్లలకి అన్నం ఎలా పెడుతుందో చదివాం. ఫిన్లాండ్ 1943లోనే చట్టం చేసి, 1948 నుంచి అందరికీ ఉచితంగా పెడుతోంది. యుద్ధంతో చితికిన రోజులవి, డబ్బుండి చేశారనడానికి లేదు.

మమ్మల్ని ఆపేసింది మాత్రం బ్రెజిల్. అక్కడ 2009లో చేసిన చట్టం, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల పంట కొనాలని పెట్టింది. అందులో ఆదివాసీలకి ముందు వరుస. టెండర్ లేకుండానే కొనొచ్చు. అంటే లారీలున్న కాంట్రాక్టరుతో అమ్మ పోటీ పడక్కర్లేదన్నమాట! అక్కడా చాలా మున్సిపాలిటీలు ఆ 30 శాతం చేరలేదట, అది వేరే సంగతి.

మా ఇళ్లల్లో చోళ్లు, సామలు, రాజ్మా పండుతాయి. అమ్మావాళ్లు నెత్తిన మోసుకుని సంతకి దిగి, షావుకారు చెప్పిన రేటుకి ఇచ్చేసి వస్తారు. అదే కొండ కింద హాస్టల్లో మేము ఎక్కడివో బియ్యం, నీళ్ల సాంబారు తింటాం. చిన్నప్పుడు ఎవరైనా అంబలి పేరెత్తితే నవ్వేవారు. మేమూ నవ్వాం, ఒప్పుకోవాలి.

వార్డెన్ సారుకి అర్జీ రాస్తున్నాం: వారానికి ఒక్క పూట చోడి అంబలి, మన ఊళ్ల చోళ్లతోనే. మీ హాస్టల్లో ఎవరైనా ఇలా అడిగి ఉంటే ఏం జవాబొచ్చిందో చెప్పండి.