దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలడిగే ప్రశ్న

దిల్‌సుఖ్‌నగర్ అంటే మనకు చీరల కొట్లు, సాయిబాబా గుడి, కోచింగ్ సెంటర్లు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడే సైకిళ్ళ మీద పెట్టిన రెండు బాంబులు పేలాయి. కొందరి ప్రాణాలు పోయాయి, కొందరికి కాళ్ళు తీసేయాల్సి వచ్చింది.

ఈ బజారు రద్దీలోనో, మెట్రోలో మూడో స్టేషనైన ఎల్బీనగర్ మెట్ల మీదో కృత్రిమ కాలుతో నడిచే మనిషి ఎదురైతే, మన పిల్లాడు "అమ్మా, ఆయన కాలేదీ?" అని గట్టిగానే అడుగుతాడు. "ష్, తప్పు!" అని లాక్కుపోతే, అదేదో భయపడాల్సిన సంగతని వాడికి తోస్తుంది.

అందుకని ఉన్నమాటే చెప్పండి. "కాలికి పెద్ద దెబ్బ తగిలినా, జబ్బు పైకి పాకినా ప్రాణం కాపాడ్డానికి డాక్టర్లు మత్తిచ్చి తీసేస్తారు నాన్నా. గాయం మానాక కొలతలు తీసి కొత్త కాలు చేస్తారు." "మరి నా కాలు?" అంటాడు. "మామూలు దెబ్బలకి తియ్యరు" అని ధైర్యం చెప్పండి. అల్లరి చేస్తే కాలు తీసేస్తారని మాత్రం ఎప్పుడూ బెదిరించకండి.

కాస్త పెద్దపిల్లలైతే 1968లో రామచంద్ర శర్మ, డాక్టర్ సేథీ రూపొందించిన జైపూర్ కాలు గురించి చెప్పండి. దానితో చెప్పుల్లేకుండా నడవచ్చు, కింద కూర్చోవచ్చు. 1981లో ప్రమాదానికి గురై కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్, అదే కాలు పెట్టుకుని నాట్యం చేసింది. 'మయూరి' సినిమాలో తన కథలో తనే నటించింది. ఇంట్లో అందరూ కలిసి చూడండి.

ఈసారి బజారులో అలాంటివారు ఎదురైతే, "అంకుల్‌కి నమస్తే చెప్పు" అనండి చాలు.