ఎనిమిది కాళ్ల జ్ఞాపకం

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రెండు బళ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిందే. ఇరువైపులా రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు అమ్మే కొట్లు. రెండు కొట్ల మధ్య ఒక మనిషి మాత్రమే పట్టే మెట్లెక్కితే పైన ఓ రిపేరు గది. అక్కడికి నేను మోసుకెళ్లింది మా నాన్న కారు రేడియో.

కారు వయసు పందొమ్మిదేళ్లు. బ్యాటరీ పోతే కొత్తది వేయించాం. అప్పటి నుంచి రేడియో తెర మీద ‘కోడ్’ అన్న ఒక్క మాటే. కారుతో పాటు ఇచ్చిన కోడ్ కార్డు ఇల్లు మారినప్పుడు పోయింది. 0000, 1234, నాన్న పుట్టిన సంవత్సరం, ఇంటి నంబరు... తలొకరం తోచిన అంకెలు నొక్కాం. కొన్నాళ్లకు అంకెలు తీసుకోవడం కూడా మానేసింది. ఒక సర్వీస్ సెంటర్‌లో అడిగితే, పాత మోడల్ కాబట్టి కోడ్ దొరకదు, కొత్త సెట్టు పెట్టించుకోమన్నారు. స్పీకర్లు బాగున్నాయి, క్యాసెట్ బాగా తిరిగేది. నాలుగంకెలు తెలియనంత మాత్రాన చెత్తలో వేయాలా? నన్ను ఆ మెట్లు ఎక్కించింది ఈ ప్రశ్నే.

మెకానిక్‌కు యాభై దాటి ఉంటాయి. సెట్టు తీసుకుని ముందు చూసింది తెరను కాదు, వెనకాల కనెక్టర్‌ను.

“ఆర్సీ తెచ్చిన్రా సార్?”

తెచ్చాను. సెట్టు మీది సీరియల్ నంబరు, కారు నంబరు, నాన్న పేరు, నా పేరు నోటుబుక్కులో రాసుకుని నాతో సంతకం పెట్టించారు. ఎందుకో అరగంటలోనే తెలిసింది. ఒక కుర్రాడు పాత న్యూస్‌పేపర్లో చుట్టిన సెట్టు తెచ్చాడు. కనెక్టర్ ఊడదీసినట్టు లేదు, వైర్లు కటింగ్ ప్లేయర్‌తో కోసినట్టున్నాయి. “గిది నేను ముట్ట. కారు తీస్కొని రా, ఆర్సీ తీస్కొని రా” అన్నారు. కుర్రాడు మారు మాట్లాడకుండా దిగిపోయాడు. సొంత కారులోంచి సెట్టు తీసేవాడు వైర్లు కోసుకోడని, దొంగకు కనెక్టర్ నొక్కి లాగేంత తీరిక ఉండదని తర్వాత వివరించారు.

అసలు ఈ తాళం పుట్టిందే దొంగల కోసం. 1932లో బ్లౌపుంక్ట్ యూరప్‌లో తొలి కారు రేడియో తెచ్చినప్పుడు దాని ధర కారు ధరలో దాదాపు మూడో వంతు. ఆ తర్వాత ధర తగ్గినా, అద్దం పగలగొట్టి రేడియో ఎత్తుకుపోవడం దశాబ్దాల పాటు యూరప్‌లో పెద్ద బెడద. కరెంటు తెగిన సెట్టు కోడ్ అడిగితే దొంగకు అది పనికిరాదు. ఫోక్స్‌వ్యాగన్ పాత సెట్లలో తెర మీద ‘సేఫ్’ అని పడుతుంది, రెండు తప్పులకు గంటసేపు ఆగాలి. ఆ రోజుల్లో అది న్యాయమే. ఇప్పుడు క్యాసెట్ సెట్టు కోసం కారు అద్దం పగలగొట్టే వాడెవడు? ఆ తాళం ఇవాళ దొంగను కాదు, సొంతదారునే బయట నిలబెడుతోంది. ఆర్సీ చూపించిన వాడికి కోడ్ ఇవ్వడం తయారీదారు బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. అందులో పాత సెట్ల కోడ్‌లకూ చోటుండాలి.

మెకానిక్ సెట్టు పైరేకు నాలుగు స్క్రూలు విప్పి, భూతద్దం కింద బోర్డు మీద ఓ మూల చూపించారు. వడ్లగింజంత ఐసీ, ఎనిమిది కాళ్లు. మీద 24సీ02 అని అచ్చు. అందులో పట్టేది 256 బైట్లు. మన తెలుగు లిపిలో రాస్తే ఒక పేరా కూడా పట్టదు. కానీ కరెంటు పోయినా అది మరవదు. లోపల గాజులాంటి పొర చుట్టుకున్న చిన్న దీవుల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుని ఉంటాయి. ఈ ఊహ 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ చేసింది. అట్మెల్ వారి డేటాషీట్ ప్రకారం 10 లక్షల సార్లు రాయవచ్చు, రాసింది 100 ఏళ్లు ఉంటుంది. కోడ్‌తో పాటు మేం నొక్కిన తప్పుల లెక్క కూడా అందులోనే పడింది. బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెడితే లెక్క పోతుందేమోనని మేం చేసిన ప్రయత్నాలు అందుకే వృథా అయ్యాయి.

“క్లిప్పు పెట్టి బోర్డు మీదనే చదవొచ్చు గదా అన్నా?” అని అడిగాను.

“చదవొచ్చు. కానీ క్లిప్పుకు కరెంటు ఇస్తే పక్కన ప్రాసెసర్ గూడ లేస్తది సార్. ఇద్దరు ఒక్కటే తీగ మీద మాట్లాడితే ఎవ్వలి మాట వినొస్తది?”

చుట్టూ వేడికి తాళే పసుపు టేపు అంటించి, ఫ్లక్స్ రాసి, హాట్ ఎయిర్ ఊదారు. టంకం మెరిసిన క్షణంలో ట్వీజర్‌తో ఐసీ లేచింది. ఒకటో కాలు దగ్గర చుక్క ఎటుందో చూసుకుని ప్రోగ్రామర్‌లో పెట్టారు. తిరగేసి పెడితే ఐసీ కాలిపోవచ్చు, నాన్న రేడియో కథ అక్కడితో సరి.

కంప్యూటర్ తెర మీద పదహారు వరుసలు, వరుసకు పదహారు గడులు. ఒకసారి చదివి ఫైలు దాచారు. ఐసీ తీసి, పెట్టి, మళ్లీ చదివారు. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి అక్షరం తేడా లేదని తేలాకే ఊపిరి పీల్చుకున్నారు. “ముందుగాల మంచిగ సదువాలె సార్. రాసుడు ఎంతసేపు?” ఆయన ఆ పూట ఎక్కువ సమయం గడిపింది చదవడం మీదే. రాయడానికి సెకను పట్టలేదు.

ఇదే మోడల్ మంచి సెట్టు ఫైలు ఆయన దగ్గర ఉంది. దాన్ని దించేస్తే ఐదు నిమిషాల పని. చాలామంది అదే చేస్తారట. ఆయన చేయలేదు. ఆ ఫైలుతో వేరే కారు కోడ్ వస్తుంది, నాన్న పెట్టుకున్న స్టేషన్లు పోతాయి. ఈ మోడల్ తొలిసారి వచ్చినప్పుడు, కోడ్ తెలిసిన సెట్టు మీద నేర్చుకున్నారట: ఒకసారి చదవడం, ఒక తప్పు అంకె నొక్కి మళ్లీ చదవడం, ఏ గడి మారిందో వెతకడం. తప్పుల లెక్క అలా దొరికింది. కోడ్ ఉన్న చోటూ అలాగే వెతికి పట్టారు. కోడ్ 4719 అనుకుంటే 47, 19 అని నేరుగా ఉండొచ్చు, 74, 91 అని తిరగేసీ ఉండొచ్చు. మా సెట్టులో తిరగేసి ఉంది.

ఆయన మార్చినవి రెండే రెండు గడులు. తప్పుల లెక్కను సున్నా చేశారు. దాంతో గడుల మొత్తం కూడిక తప్పుతుంది కాబట్టి, కూడిక సరిచూసే బైట్‌ను కాగితం మీద లెక్కగట్టి మార్చారు. కోడ్‌ను ముట్టుకోలేదు. తాళం తీసేయొచ్చు కదా అంటే, “మీ తాళం మీదే సార్, చెవి ఇస్తున్న గంతే” అన్నారు.

ఐసీ మళ్లీ టంకం పెట్టి, పన్నెండు వోల్టులు ఇచ్చారు. ‘కోడ్’ అని అడిగింది. నాలుగంకెలు నన్నే నొక్కమన్నారు. తెర ఒకసారి ఆరి వెలిగింది. మీడియం వేవ్‌లో ఒకటో బటన్ నొక్కితే 738 అని పడింది. ఆకాశవాణి హైదరాబాద్ ఎ కేంద్రం. ప్రాంతీయ వార్తల కోసం నాన్న పెట్టుకున్నది. ఆ గదిలో అన్ని పవర్ సప్లైల మధ్య గరగర తప్ప మాట వినిపించలేదు. “కారుల ఏరియల్‌కు పెడితే పలుకుతది” అన్నారాయన.

కోడ్‌ను కారు మాన్యువల్ వెనక అట్ట మీద నా చేత్తో నన్నే రాయమని పెన్ను ఇచ్చారు. నేను రాస్తుంటే ఆయన ఐసీ అసలు ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, దానికి కారు నంబరు రాసిన చీటీ కట్టి, నోటుబుక్కు పక్కన డబ్బాలో పడేశారు. ఆ డబ్బా సగానికి పైగా నిండి ఉంది.